నోరు విప్పాక ఏం జరుగుతుంది? పని చోట వేధింపులపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పని చోట ఆడవాళ్ళ మీద జరిగే లైంగిక వేధింపుల గురించి విశాఖపట్నం నుంచీ, చుట్టుపక్కల నుంచీ వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి జవాబులివి. ఊరి పేర్లు, పేటల పేర్లు ఉంచాం. మనుషుల పేర్లు, సంస్థల పేర్లు తీసేశాం. అందరూ ‘పోష్ చట్టం’ అని రాసింది 2013లో వచ్చిన, పని చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం గురించే. ఇక్కడా ఆ పేరే వాడుతున్నాం.

ప్రశ్న: అచ్యుతాపురం దగ్గర బట్టలు కుట్టే కంపెనీలో పని చేస్తున్నాను. సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి లైన్ సూపర్‌వైజర్ ఏదో ఒక వంకన మీద చెయ్యి వేస్తున్నాడు. మార్చి 12న స్టోర్ రూములో చెయ్యి పట్టుకుని లాగాడు. ఆఫీసులో చెబితే ‘నువ్వు కాంట్రాక్టరు మనిషివి, మాకేటి సంబంధం’ అన్నారు. నేనేం చెయ్యాలి? – గాజువాక

జవాబు: సంబంధం ఉంది. ఈ చట్టంలో ఉద్యోగి అంటే పర్మినెంటు మనిషి ఒక్కరే కాదు. కాంట్రాక్టరు తెచ్చినవాళ్ళు, రోజుకూలికి వచ్చేవాళ్ళు, ట్రైనీలు, అప్రెంటిస్‌లు, జీతం లేకుండా చేసేవాళ్ళు కూడా ఉద్యోగులే. జీతం ఎవరి ఖాతా నుంచి పడుతోందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. పదిమందీ అంతకు మించీ పని చేసే ప్రతి చోటా ఇలాంటి ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండి తీరాలి. కమిటీ వేసిన ఆర్డరును అందరి కంటా పడేచోట అంటించాలి. గేటు దగ్గరా క్యాంటీన్ దగ్గరా నోటీసు బోర్డులు ఓసారి చూడండి. కమిటీయే వెయ్యకపోతే యాజమాన్యానికి 50,000 రూపాయల దాకా జరిమానా పడుతుంది.

ఇక మీ వైపు నుంచి చెయ్యాల్సిన పని ఒకటుంది. ఇప్పటిదాకా మీరు నోటితోనే చెప్పారు. ఎంతమందికి చెప్పినా, ఎంత గట్టిగా చెప్పినా, రాసి ఇచ్చేదాకా ఈ చట్టం ప్రకారం అది ఫిర్యాదు కాదు. దానికి గడువూ ఉంది. జరిగిన రోజు నుంచి, పదే పదే జరిగితే ఆఖరుసారి జరిగిన రోజు నుంచి 3 నెలలు. మీ విషయంలో మార్చి 12 ఆఖరు అనుకుంటే జూన్ 12 లోపు కాగితం వాళ్ళ చేతిలో పడాలి. ఆలస్యానికి సరైన కారణం ఉంటే కమిటీ మరో 3 నెలలు పొడిగించవచ్చు, ఆ కారణాన్ని కాగితం మీద రాయాలి కూడా. ఆ తర్వాత ఇక తలుపు మూసుకున్నట్టే. 2025 సెప్టెంబరులో సుప్రీం కోర్టు దాకా వెళ్ళిన ఒక కేసు చూడండి. పశ్చిమ బెంగాల్‌లో ఒక అధ్యాపకురాలు 2023 ఏప్రిల్‌లో జరిగినదానికి ఆ డిసెంబరు 26న ఫిర్యాదు ఇచ్చారు. ఆరు నెలలు దాటిపోయిందని కొట్టేశారు. ఏప్రిల్ సంఘటన తర్వాత ఆమెను పదవి నుంచి తప్పించడాన్ని వేధింపులకు కొనసాగింపుగా లెక్క వెయ్యడానికి కోర్టు ఒప్పుకోలేదు. అందుకని ‘తర్వాత కూడా ఇబ్బంది పెడుతూనే ఉన్నాడు’ అన్న ధీమాతో రోజులు గడపకండి.

ఎలా రాయాలి? ‘సూపర్‌వైజర్ నాతో అసభ్యంగా ప్రవర్తిస్తున్నాడు’ అని రాస్తే చదివేవాళ్ళకి ఏమీ కనబడదు, ఎదుటివాడు ‘అబద్ధం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. జరిగింది జరిగినట్టు ఇలా రాయాలి: ‘మార్చి 12న రెండో షిఫ్టులో, టీ బ్రేక్ అయిన పది నిమిషాలకి దారం కోన్లు తేవడానికి స్టోర్ రూముకి వెళ్ళాను. ఆయన వెనకే వచ్చి తలుపు దగ్గరగా వేసి, నా కుడి చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని తన వైపు లాగాడు. వదలండి సార్ అని అరిచాను. కోన్ల పెట్టె కింద పడింది. ఆ చప్పుడుకి పక్క లైను హెల్పర్ తలుపు తీసింది.’ ఇందులో సమయం ఉంది, చోటు ఉంది, సాక్షి ఉంది. ఆ పూట స్టోర్ రిజిస్టరులో మీ సంతకం ఉంటే అదీ రుజువే. తేదీ గుర్తులేని సంఘటనకు ఊహించి తేదీ వెయ్యకండి. ‘సంక్రాంతి సెలవులయ్యాక మొదటి వారంలో’ అంటే చాలు. ఒక్క తేదీ తప్పని తేలితే మిగతా అన్నిటి మీదా అనుమానం రేపుతారు. ఆయన అన్న మాటలు ఎంత బూతైనా ఉన్నవున్నట్టే రాయండి. సిగ్గుపడి ‘చెప్పరాని మాట’ అని వదిలేస్తే కమిటీకి తూచడానికి ఏమీ ఉండదు.

ఫిర్యాదు, దానికి జతచేసే కాగితాలు, సాక్షుల పేర్లూ చిరునామాలూ కలిపి 6 సెట్లు ఇవ్వాలన్నది నిబంధన. ఏడోది మీకోసం. దాని మీద ‘ముట్టింది’ అని తేదీతో సంతకం తీసుకోండి. పెట్టనంటే స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. రాయడం కష్టమైతే రాసిపెట్టే బాధ్యత కమిటీదే. అందిన 7 పనిదినాల్లో అతనికి ఒక కాపీ వెళ్ళాలి, 10 పనిదినాల్లో అతను జవాబివ్వాలి, 90 రోజుల్లో విచారణ ముగియాలి.

మీ కంపెనీలో కమిటీయే లేదని తేలితే ఫిర్యాదు జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి వెళ్తుంది. ఇక్కడ చాలామంది తప్పు గడప తొక్కుతున్నారు. మీరు ఉండేది గాజువాక కాబట్టి విశాఖ కలెక్టరేటుకి వెళ్తే పని కాదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక అచ్యుతాపురం, పరవాడ అనకాపల్లి జిల్లాలోకి పోయాయి. పని చేసే చోటు ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లా కమిటీకే ఇవ్వాలి.

చెయ్యి పట్టుకుని లాగడం పోలీసు కేసు కూడా. భారతీయ న్యాయ సంహిత 74వ సెక్షన్ కింద ఏడాది నుంచి అయిదేళ్ళ దాకా జైలు ఉంది. కమిటీ తేల్చేదాకా ఆగనక్కర్లేదు, రెండూ పక్కపక్కనే నడుస్తాయి. ఏ స్టేషనుకి వెళ్ళినా ‘మా పరిధి కాదు’ అని తిప్పి పంపకూడదు, పరిధితో పని లేకుండా నమోదు చేసే జీరో ఎఫ్ఐఆర్ కట్టాలి. మీ మాట మహిళా పోలీసు గానీ మరో మహిళా అధికారి గానీ రాసుకోవాలి.

ప్రశ్న: 2018లో సినిమావాళ్ళూ జర్నలిస్టులూ తమని వేధించినవాళ్ళ గురించి పేర్లు పెట్టి మరీ చెప్పారు. ఆఖరికి చెప్పినవాళ్ళే నష్టపోయారు, అవతలివాళ్ళు మళ్ళీ కుర్చీల్లో కూర్చున్నారు. నోరు విప్పితే ఒరిగిందేమిటి? – లెక్చరర్, సిరిపురం

జవాబు: చెప్పినవాళ్ళు నష్టపోయారన్నది నిజం, దాన్ని కాదనం. కానీ పై జవాబులో రాసిన ప్రతి హక్కు వెనకా నష్టపోయిన ఒక ఆడమనిషి ఉంది.

రాజస్థాన్‌లో భంవరీ దేవి ప్రభుత్వ పథకంలో గ్రామ కార్యకర్త. 1992లో ఒక బాల్య వివాహాన్ని ఆపబోయినందుకు ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. 1995లో కింది కోర్టు నిందితులను ఆ నేరం నుంచి విడిచిపెట్టింది. అయినా ఆమె వెనక్కి తగ్గలేదు. పని మీద వెళ్ళిన మనిషికి జరిగిన దానికి పని ఇచ్చినవాళ్ళ బాధ్యత ఏమిటని మహిళా సంఘాలు సుప్రీం కోర్టుకి వెళ్ళాయి. 1997 ఆగస్టు 13న వచ్చిన విశాఖ తీర్పు అదే. ఆ పేరు మన ఊరిది కాదు, పిటిషన్ వేసిన రాజస్థాన్ సంఘాల్లో ఒకదానిది. కమిటీ ఉండాలి, దానికి మహిళ అధ్యక్షత వహించాలి, బయటి సభ్యులు ఉండాలి అన్నవి ఆ తీర్పు నుంచి వచ్చినవే. పదహారేళ్ళ తర్వాత అవే చట్టమయ్యాయి. ఆమెకి దక్కని న్యాయం మీ కాలేజీ నోటీసు బోర్డు మీద కాగితమై ఉంది. ఉందో లేదో ఈ వారం చూడండి.

రూపన్ దియోల్ బజాజ్ ఐఏఎస్ అధికారి. 1988లో ఒక విందులో పంజాబ్ పోలీసు అధిపతి కె.పి.ఎస్. గిల్ తన మీద చెయ్యి వేశారని ఆమె ఫిర్యాదు చేశారు. చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా అన్నారు. 1996లో శిక్ష పడింది, 2005లో సుప్రీం కోర్టు దాన్ని ఖాయం చేసింది. పదిహేడేళ్ళు! అంత పదవిలో ఉన్నామెకే అంతకాలం పట్టిందంటే మామూలు ఉద్యోగిని సంగతి వేరే చెప్పాలా? ‘ముట్టుకోలేదు కదా’ అనే వాదన 1999లో పోయింది. ఎగుమతుల సంస్థలో ఒక టైపిస్టు ఫిర్యాదు మీద, తాకితేనే వేధింపు అనక్కర్లేదని సుప్రీం కోర్టు తేల్చి, పై అధికారిని తీసేయడం సరైనదే అంది.

ఇక 2018. ఆ ఏప్రిల్‌లో హైదరాబాదు ఫిల్మ్ చాంబర్ ఎదుట నటి శ్రీరెడ్డి నిరసన తెలిపినప్పుడు ఆమె చేసిన పద్ధతి గురించే అందరూ మాట్లాడారు, చెప్పిన విషయం పక్కకి పోయింది. అయినా మహిళా సంఘాలు ఆ విషయాన్ని వదల్లేదు, మరుసటి ఏడు తెలంగాణ ప్రభుత్వం సినీ, టీవీ రంగాల మీద కమిటీ వేసింది. తన మీద వేధింపుల ఆరోపణ చేసినందుకు మాజీ మంత్రి ఎం.జె. అక్బర్ ఢిల్లీలో వేసిన పరువు నష్టం కేసులో జర్నలిస్టు ప్రియా రమణి నిర్దోషి అని 2021 ఫిబ్రవరి 17న కోర్టు చెప్పింది. దశాబ్దాలు గడిచినా, తనకి నచ్చిన ఏ వేదిక మీదైనా ఆడమనిషి తన గోడు చెప్పుకోవచ్చని ఆ తీర్పులో ఉంది. బయటికి చెబితే పరువు నష్టం దావా వేస్తామని బెదిరించేవాళ్ళకి చూపించాల్సిన తీర్పది.

పైకి కనబడని మార్పులు కొన్ని ఉన్నాయి. అంతర్గత కమిటీ వేశామో లేదో కంపెనీలు తమ వార్షిక నివేదికలో చెప్పాలని 2018 జులైలో నిబంధన వచ్చింది. 2025 జులై నుంచి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని తేల్చారు, 90 రోజులు దాటినవెన్ని అన్న అంకెలు కూడా రాయాలి. గోల జరగకపోతే ఈ లెక్క అడిగేవారెవరు? అలాగని పని అయిపోలేదు. చట్టం అమలు తీరు బాగాలేదని 2023 మే 12న సుప్రీం కోర్టు బాధపడింది, 2024 డిసెంబరులో మళ్ళీ జిల్లా అధికారులకు గడువులు పెట్టాల్సి వచ్చింది.

ప్రశ్న: రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. టీమ్ లీడ్ రాత్రిళ్ళు వాట్సాప్‌లో పెట్టే మెసేజ్‌లు చదవలేను. పెట్టి కాసేపటికి డిలీట్ చేస్తాడు. ఒకసారి కంపెనీ క్యాబ్‌లో పక్కన కూర్చుని ఇబ్బంది పెట్టాడు. హెచ్ఆర్ మేడం ‘కమిటీ బెంగళూరులో ఉంది, అంతదూరం ఎందుకు, సారీ చెప్పిస్తాను’ అంటోంది. – మధురవాడ

జవాబు: శాఖలు వేర్వేరు చోట్ల ఉంటే ప్రతి ఆఫీసుకీ విడిగా కమిటీ ఉండాలని చట్టం చెబుతోంది. బెంగళూరు కమిటీని చూపించి తప్పించుకోవడం కుదరదు. కంపెనీ ఏర్పాటు చేసిన క్యాబ్ కూడా పని చోటే.

రాజీ మాటకొస్తే, అది అడగాల్సింది మీరు. హెచ్ఆర్ అడగకూడదు. విచారణ మొదలయ్యే ముందు మీరు కోరితేనే కమిటీ రాజీ చూడవచ్చు, డబ్బు ఇచ్చి పుచ్చుకోవడం రాజీ షరతుగా ఉండకూడదు. కమిటీ ముందు రాజీ కుదిరి కాగితం మీదికి ఎక్కితే ఆ ఫిర్యాదు మీద ఇక విచారణ ఉండదు. అతను షరతు తప్పితే మాత్రం మళ్ళీ వెళ్ళవచ్చు. కాబట్టి ఒప్పుకునేటట్టయితే ‘ఇకమీదట మర్యాదగా ఉంటాడు’ అని కాదు, ‘ఈ తేదీ నుంచి నా రివ్యూ అతను రాయడు, ఆఫీసు పని ఈమెయిల్‌లో తప్ప నా సొంత నంబరుకి మెసేజ్ పెట్టడు’ అని రాయించండి. తప్పితే తప్పినట్టు చూపించగలగాలి.

మెసేజ్‌ల విషయంలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. కోపంతోనో అసహ్యంతోనో అతన్ని బ్లాక్ చేసి చాట్ మొత్తం తుడిచేస్తారు. తుడవకండి. స్క్రీన్‌షాట్‌లో మీరు సేవ్ చేసుకున్న పేరు ఒక్కటే కనబడితే ‘ఆ నంబరు నాది కాదు’ అంటాడు. కాంటాక్టు తెరిచి నంబరు కనబడేలా ఇంకొకటి తీయండి. తేదీ, సమయం కోసుకుపోకుండా చూడండి. చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి మీ సొంత ఈమెయిల్‌కి పంపుకోండి, ఆఫీసు మెయిల్‌కి వద్దు, ఉద్యోగం పోయిన రోజున అది తెరుచుకోదు. అతను తీసేసినచోట ‘ఈ మెసేజ్ తొలగించబడింది’ అన్న మాట మిగులుతుంది. రాత్రి 11:40కి ఒకటి, 11:52కి ఇంకొకటి అలా వరసగా కనబడటం కూడా చెప్పాల్సిన కథ చెబుతుంది. ఫోన్ మార్చకండి, అమ్మకండి. కమిటీ ముందు ప్రింట్లు సరిపోవచ్చు కానీ కేసు కోర్టుకి వెళ్తే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కావాలి, అసలు ఫోన్ అడగవచ్చు. క్యాబ్ విషయానికి ట్రిప్ నంబరు, ఎక్కిన చోటు, దిగిన చోటు రాసిపెట్టుకోండి. క్యాబ్‌లో కెమెరా ఉంటే ఆ రికార్డు భద్రపరచమని ఫిర్యాదులోనే కోరండి. కెమెరా రికార్డులు కొద్దిరోజులకే చెరిగిపోతుంటాయి, విచారణ మొదలయ్యాక అడిగితే ఉండదు.

విచారణ నడుస్తుండగా మిమ్మల్నో అతన్నో వేరే టీముకి మార్చమనీ, మీ పనితీరు రిపోర్టు అతను రాయకుండా చూడమనీ అడగవచ్చు. 3 నెలల దాకా సెలవు కూడా అడగవచ్చు. మీకున్న సెలవుల్లోంచి దాన్ని కోయకూడదు. ఇవన్నీ రాతపూర్వకంగా అడిగితేనే వస్తాయి.

ప్రశ్న: ద్వారకానగర్‌లో చిన్న క్లినిక్‌లో రిసెప్షనిస్టుని. మొత్తం ఆరుగురం. ఇబ్బంది పెట్టేది ఓనరే. ఇంక ఎవరికి చెప్పుకోను?

జవాబు: స్థానిక కమిటీకి. పదిమంది లోపున్న చోట్లకీ, యజమాని మీదే ఫిర్యాదు ఉన్నప్పుడూ అదే దారి. మహారాణిపేట కలెక్టరేట్‌లో గానీ, జిల్లా మహిళా శిశు సంక్షేమ అధికారి కార్యాలయంలో గానీ ‘పోష్ స్థానిక కమిటీ’ అని అడిగి ఇవ్వండి. సోమవారం ప్రజా ఫిర్యాదుల వేదికలో ఇస్తే నమోదు నంబరు వస్తుంది. కానీ అక్కడ అర్జీ పదిమంది చేతులు మారుతుంది కాబట్టి అసలు వివరాలు అంటించిన కవరులో పెట్టి, పైన ‘స్థానిక కమిటీ అధ్యక్షురాలికి, గోప్యం’ అని రాయండి. కేంద్ర ప్రభుత్వ షీ-బాక్స్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చెయ్యవచ్చు.

ప్రశ్న: మా అమ్మ ఎంవీపీ కాలనీలో నాలుగిళ్ళలో పాచి పని చేస్తాది. ఒకింటి ముసలాయన ఆవిడ ఒక్కర్తే ఉన్నప్పుడు పాడుపనులు చేస్తన్నాడు. అమ్మకి చదువు రాదు, పోలీసులంటే భయం. ‘ఆళ్ళు పెద్దోళ్ళు, మనమాటెవులింటారే’ అంటంది. నేను ఇవ్వొచ్చా? – ఆరిలోవ

జవాబు: ఇవ్వొచ్చమ్మా. మీ అమ్మగారు స్వయంగా ఇవ్వలేని పరిస్థితి ఉంటే, ఆమె రాతపూర్వకంగా ఒప్పుకుంటే, విషయం తెలిసిన ఎవరైనా ఆమె తరఫున ఫిర్యాదు ఇవ్వవచ్చు. ‘నా కూతురు నా తరఫున ఫిర్యాదు ఇవ్వడానికి ఒప్పుకుంటున్నాను’ అని ఒక కాగితం మీద రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించి, ఇద్దరి చేత సాక్షి సంతకం చేయించండి. ఇళ్ళల్లో పని చేసేవాళ్ళకి ఆ ఇల్లే పని చోటు. ఇక్కడ చట్టం ఇంకో మేలు చేసింది. ఫిర్యాదులో నిజముందని పైకి కనబడితే స్థానిక కమిటీయే 7 రోజుల్లో దాన్ని పోలీసులకి పంపాలి. స్టేషను మెట్లెక్కే పని కమిటీ మీద పడుతుందన్నమాట. వకీలు కావాలంటే ఆడవాళ్ళకి ఆదాయం ఎంతున్నా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా పెడుతుంది, ఫోన్ నంబరు 15100. ఈలోగా ఆ ఇంటికి అమ్మ ఒంటరిగా వెళ్ళకుండా చూడండి. ఆపద అనిపిస్తే 112, మహిళా హెల్ప్‌లైన్ 181.

ప్రశ్న: మా సంస్థలో అంతర్గత కమిటీ సభ్యుణ్ణి. అబద్ధపు ఫిర్యాదులు వస్తే మగవాడి గతేమిటి? మేము చేసిన విచారణ కోర్టులో నిలబడాలంటే ఏం చూసుకోవాలి? – గోపాలపట్నం

జవాబు: మొదటిదానికి జవాబు చట్టంలోనే ఉంది. దురుద్దేశంతో, అబద్ధమని తెలిసి ఇచ్చిన ఫిర్యాదు మీద చర్య ఉంటుంది. అయితే ఆ దురుద్దేశం విచారణలో విడిగా రుజువు కావాలి. సాక్ష్యం చాలకపోవడం, ఫిర్యాదు అబద్ధం కావడం రెండూ ఒకటి కావు. మూసిన తలుపు వెనక జరిగినదానికి సాక్షులు తక్కువ. ‘రుజువు కాలేదు’ అని రాయాల్సినచోట ‘తప్పుడు ఫిర్యాదు’ అని రాసే కమిటీ పెద్ద అన్యాయం చేస్తుంది, ఆ ఒక్క మాట చూసి ఇంకే ఉద్యోగినీ ఆ గది తలుపు తట్టదు.

ఇక విచారణలు ఎక్కువగా దెబ్బతినేది చిన్న విషయాల దగ్గరే. అధ్యక్షురాలితో కలిపి కనీసం ముగ్గురు సభ్యులు లేని రోజు జరిపిన విచారణ చెల్లదు. సభ్యుల్లో సగమైనా ఆడవాళ్ళు ఉండాలి. బయటి నుంచి ఒక సభ్యుడో సభ్యురాలో ఉండాలి, కంపెనీ వకీలుని ఆ పేరుతో కూర్చోబెడితే ఇక బయటి మనిషి ఎక్కడ? మూడేళ్ళు దాటిన కమిటీకి కొత్త ఆర్డరు లేకపోతే అక్కడే అభ్యంతరం లేస్తుంది. ఇరువైపులా వకీళ్ళని రానివ్వకూడదు. ఫిర్యాదు చేసినామె గానీ అవతలి మనిషి గానీ వరసగా మూడుసార్లు విచారణకి రాకపోతే ఏకపక్షంగా తేల్చవచ్చు కానీ ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషికి ఫిర్యాదు కాపీ, సాక్షుల వాంగ్మూలాలు ఇచ్చి, ప్రశ్నలు రాయించుకుని కమిటీయే అడగాలి. ఎదురెదురుగా కూర్చోబెట్టి ‘నువ్వేం బట్టలు వేసుకున్నావు’ లాంటి ప్రశ్న అడగనివ్వకండి. కనుగొన్న విషయాల కాపీని ఇద్దరికీ ఇచ్చి అభ్యంతరాలు తీసుకున్నాకే ముగించాలి. ఈ మెట్టు దాటేసినవాళ్ళే కోర్టులో ఎక్కువ దొరికిపోతారు. ప్రతి పూటా జరిగింది అప్పటికప్పుడు రాసి, పేజీ పేజీకీ అందరి సంతకాలు పెట్టించండి. పేర్లు బయటికి పొక్కితే పొక్కించినవారికి 5,000 రూపాయల జరిమానా.

ప్రశ్న: కమిటీ నాకు అనుకూలంగా చెప్పింది. నెల గడిచినా యాజమాన్యం ఏమీ చెయ్యలేదు. పైగా నన్ను వేరే సెక్షనుకి మార్చి, అప్రైజల్ తగ్గించారు. – ఆటోనగర్

జవాబు: విచారణ ముగిశాక 10 రోజుల్లో నివేదిక యాజమాన్యానికీ మీకూ అందాలి, అందిన 60 రోజుల్లో వాళ్ళు సిఫారసులు అమలు చెయ్యాలి. అంటే వాళ్ళకింకా సమయం ఉంది, కానీ మీరు ఊరుకోకండి. ఇవాళే యాజమాన్యానికి ఒక ఉత్తరం రాసి, నివేదిక అందిన తేదీ, 60వ రోజు ఎప్పుడవుతుందో ఆ తేదీ రెండూ అందులో పెట్టండి. బదిలీ ఆర్డరు, ఈ ఏటి అప్రైజల్, పోయినేటి అప్రైజల్ మూడూ పక్కపక్కన జతచెయ్యండి. పోయినేడు బాగుండి ఫిర్యాదు తర్వాత దిగజారితే ఆ రెండు కాగితాలే సాక్ష్యం. కమిటీ సిఫారసులో నష్టపరిహారం ఉందో లేదో చూడండి, మానసిక వేదన, పోయిన అవకాశం, వైద్యం ఖర్చు లెక్కగట్టి అతని జీతంలోంచి ఇప్పించే వీలు చట్టంలో ఉంది. సిఫారసుల మీద గానీ, వాటిని అమలు చెయ్యనందుకు గానీ అప్పీలుకి 90 రోజులు. సిఫారసుల తేదీ నుంచి లెక్క మొదలవుతుంది, కాబట్టి యాజమాన్యం 60 రోజులూ కూర్చుంటే మీ చేతిలో మిగిలేది నెల కంటే తక్కువే. వకీలుని 61వ రోజున వెతకడం మొదలుపెట్టకండి, ఈ వారమే కలవండి.